వెనక్కి తీసుకున్న సాక్ష్యం

వినికిడి పరీక్షల కోర్సు చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు నాకు ఫోను చేస్తుంటారు. "అక్కా, మీరు చూసినవాటిలో మంచి కేసు ఒకటి చెప్పండి" అంటారు. మంచి కేసు అంటే, చెవి మిషను పెట్టగానే పిల్లవాడు ఉలిక్కిపడి, వాళ్ళమ్మ వైపు చూసి నవ్విన కేసు. అలాంటివి నా దగ్గరా ఉన్నాయి. ఫోన్లో వీడియోలు కూడా దాచుకున్నాను. కానీ ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాక, పసిబిడ్డను పక్కలో వేసుకుని మేలుకునే రాత్రుల్లో అవేవీ గుర్తుకు రావు. గుర్తుకు వచ్చేది ఒక్కటే, చెడిపోయిన కేసు. దాన్నే రాస్తున్నాను. చదివాక మీకు ధైర్యం వస్తుందని మాత్రం మాట ఇవ్వలేను.

నాకు తెలుగు అక్షరాలు బడిలో రాలేదు. తిరుత్తణి పక్క పల్లెల్లో మా తరం పిల్లలమంతా తమిళంలోనే చదువుకున్నాం. ఆదివారం మధ్యాహ్నాలు మా అవ్వ పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు ఆనించి నేర్పింది. అందుకే నా తెలుగులో కొంచెం చర్చి వాసన ఉంటుంది. ఓర్చుకోండి.

తిరువళ్ళూరు స్టేషనుకు దగ్గరలో, ఒక మందుల షాపు మేడ మీద ఉండేది మా సెంటరు. రెండే గదులు. లోపలి గది గోడలకు మందపాటి స్పాంజి అంటించి, తలుపు సందులకు రబ్బరు పట్టీలు వేశారు. అయినా అరక్కోణం లోకలు వచ్చినప్పుడల్లా నేల సన్నగా అదిరేది. అప్పుడు పరీక్ష ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని, రైలు పోయేదాకా ఊరికే కూర్చునేవాళ్ళం.

మా సీనియర్ మేడం తమిళావిడ. రిటైరు కావడానికి దగ్గరపడిన మనిషి. మోకాళ్ళ నొప్పులు, కటువైన నోరు. దేవుడి మాట ఎత్తితే "అది ఇంటి సంగతి, ఇది రూము" అనేది. ఒక్కో పరీక్షకు ముందు నేను క్షణం సేపు కళ్ళు మూసుకునేదాన్ని. అది చూసి "ఏమ్మా, కరెంటు పోయిందా?" అని అడిగేది. నేను నవ్వేసేదాన్ని. ఆ క్షణం వల్ల ఎవరికీ నష్టం లేదనే అనుకునేదాన్ని.

ఆ తల్లి మొదటిసారి వచ్చిన రోజు వెంట ఆమె అత్త కూడా వచ్చింది. బిడ్డ తల్లి చంకలో ఉన్నాడు. చెవి వెనక కొత్త మిషను, తలకు అయస్కాంతంతో అతుక్కున్న చిన్న బిళ్ళ. నాతో తమిళంలోనే మాట్లాడారు. తర్వాత నాకు అర్థం కాదనుకుని అత్త కోడలి వైపు తిరిగి తెలుగులో గొణిగింది.

"ఏందిమే ఇది, ఈ పిల్లకే ఇంగా పెండ్లయినట్టు లేదు. ఇది మన పిల్లోనికి ఏం నేర్పిస్తాది?"

"పెళ్ళయింది అవ్వా. నేర్పిస్తాను" అన్నాను.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మరుక్షణం గది అదిరేలా నవ్వింది. "అయ్యో, తెలుగు బిడ్డా! యాడమ్మా మీది? ముందే చెప్పకూడదా, ఇంగా ఏమన్నా అనేసుంటే?"

కోడలు నవ్వలేదు. నా గొలుసుకున్న చిన్న శిలువను చూస్తోంది. వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర ఆగి, "అక్కా, మీరు గూడా ప్రభువు బిడ్డేనా?" అని అడిగింది. అవునన్నాను. అప్పటినుంచి మేడం అనడం మానేసి అక్కా అని పిలవడం మొదలుపెట్టింది.

వాళ్ళది తిరుత్తణికి అవతల ఒక పల్లె. భర్త కాట్టుపల్లి హార్బరులో కాంట్రాక్టు పనికి పోతాడు, సెలవు దొరికినప్పుడే ఇంటికి వస్తాడు. బిడ్డకు పుట్టుకతోనే వినబడదు. మద్రాసు పెద్దాసుపత్రిలో ఆపరేషను చేసి చెవి లోపల యంత్రం అమర్చారు. చెవి నుంచి మెదడుకు వెళ్ళే నరం ఈ బిడ్డకు చాలా సన్నం. స్కానులో కనబడీ కనబడనట్టు ఉంది. డాక్టర్లు ఆ సంగతి ఆపరేషనుకు ముందే చెప్పారు. "వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చు" అన్నారు. ఆమె ఆ మాటలో మొదటి సగమే ఇంటికి తెచ్చుకుంది.

యంత్రం స్విచ్ వేసిన రోజు బిడ్డ అదరలేదు, బెదరలేదు. కొందరికి నెలలు పడుతుంది, రోజూ వినడం నేర్పించాలి అని చెప్పి మా దగ్గరికి పంపారు. ఆ నేర్పించే పని నాది.

భార్యాభర్తలిద్దరూ విశ్వాసులు. అత్త కాదు. ఆవిడ తిరుత్తణి కొండ మీది గుడికి మనవడి తలనీలాలు మొక్కుకుంది. కోడలు తమ చర్చి సంఘంలో శుక్రవారం ఉపవాసాలు పట్టింది. వాళ్ళ పాస్టరయ్య, బైబిల్లో ప్రభువు చెవిటివాడి చెవుల్లో వేళ్ళు పెట్టినట్టే, బిడ్డ చెవుల్లో తన వేళ్ళు పెట్టి ప్రార్థించాడట. "వాడు ఆయన వేలు కొరికినాడు" అని చెప్పి అత్త పడీపడీ నవ్వింది. "నేను కొండకి చెప్పినా, ఇది యేసుకి చెప్పింది. ఎవురికి తీరిక ఉంటే వాళ్ళు చేస్తారులేమ్మా. మాకు పని కావాల."

మా పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. అది లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. మా సెంటర్లో చేతి సైగలు నిషేధం. పిల్లవాడితో మాట్లాడేటప్పుడు పెదవులు కనబడకుండా ఒక గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. కళ్ళతోనే పని జరిగిపోతే చెవి బద్ధకిస్తుందని మా నమ్మకం. ఇంట్లో కూడా అలాగే చేయమని తల్లులకు చెబుతాం. చాలామంది సరేనని తల ఊపి, ఇంటికి పోగానే మరిచిపోతారు. ఈమె మరవలేదు. చేతులు కదులుతాయేమోనని కొంగులో చుట్టుకుని బిడ్డతో మాట్లాడేదట.

"నీళ్ళు కావాల్నా అని నేను చెయ్యి చూపిస్తే నన్ను మింగేస్తాదమ్మా" అని అత్త నాకు ఫిర్యాదు చేసింది. "వాడు ఏడుస్తాడు, ఇది ఏడుస్తాది, చేతులు మాత్రం కదిలించదు. ఏం చదువమ్మా మీది?"

"ఊరికే ఉండత్తా. అక్క చెప్పింది కదా" అంది కోడలు.

అక్క చెప్పింది కాబట్టి ఆ తల్లీబిడ్డల మధ్య ఉన్న ఒక్క దారీ మూతపడింది. ఇంకో దారి తెరుచుకుంటుందని మేమందరం ఎదురుచూస్తూ కూర్చున్నాం.

మా దగ్గర ఆడే ఆట ఒకటి ఉంది. పిల్లవాడి చేతిలో ఒక పూస ఇస్తాం, ముందు ఒక గ్లాసు పెడతాం. నేను గుడ్డ వెనక నుంచి ఒక శబ్దం చేస్తాను: 'ఆ' అనో, 'ఊ' అనో, 'మ్' అనో. వినబడగానే వాడు పూసను గ్లాసులో వేయాలి. వేస్తే చప్పట్లు కొడతాం. ఈ పిల్లవాడు కుర్చీలో కూర్చునేవాడు కాదు. కూర్చోబెడితే ఊపిరి బిగబట్టి నీలంగా మారిపోయేవాడు. కాబట్టి తల్లి ఒళ్లోనే కూర్చోబెట్టి ఆడించాను.

నెలలు గడిచాయి. పూస వాడి గుప్పిట్లో చెమటతో తడిసేది తప్ప గ్లాసులో పడేది కాదు. ఒక రోజు నేను 'మ్' అన్నాను. పూస గ్లాసులో పడింది.

మళ్ళీ అన్నాను. మళ్ళీ పడింది.

ఆ తల్లి బిడ్డను గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. గది బయటికి పరిగెత్తి మందుల షాపు ఆయనకు కూడా చెప్పాను. తర్వాత వచ్చిన ప్రతిసారీ వాడు పూసలు వేస్తూనే ఉన్నాడు. ఒక్కోసారి తప్పేవాడు, కానీ ఎక్కువ భాగం సరిగ్గానే వేసేవాడు. సీనియర్ మేడం ఆ రోజుల్లో మోకాలి వైద్యానికి సెలవులో ఉంది. ఫోనులో చెబితే "సరే, నేను వచ్చి చూస్తాను" అంది. ఆమెకు సంతోషపడటం రాదని నేను నవ్వుకున్నాను.

ఆదివారం వాళ్ళ సంఘానికి రమ్మని ఆ తల్లి నన్ను పిలిచింది. రేకుల షెడ్డు, కింద చాపలు, ఒక మూల సౌండు బాక్సులు. భర్త పని బట్టల్లోనే కాట్టుపల్లి నుంచి తెల్లవారుజాము బస్సుకు వచ్చాడు. అత్త కూడా వచ్చింది గాని లోపలికి రాలేదు. చెప్పులు విడిచే చోట గోడకు ఆనుకుని కూర్చుంది.

సాక్ష్యం చెప్పమని పాస్టరయ్య ఆ తల్లి చేతికి మైకు ఇచ్చాడు. ఆమె ముసుగు సర్దుకుని, "నా బిడ్డకి వినబడతా ఉండాది" అంది. ఆ ఒక్క మాటకే షెడ్డంతా "స్తోత్రం!" అని లేచింది. అప్పుడు పాస్టరయ్య నా వైపు చూశాడు. "పరీక్ష చేసిన చెల్లెలు మన మధ్యనే ఉండాది. చదువుకున్న బిడ్డ. ఆమె నోటితో గూడా విందాము."

లేచి నిలబడ్డాను. "నేను స్వయంగా పరీక్షించి చూశాను. వింటున్నాడు" అన్నాను. అది అబద్ధం కాదు. ఆ క్షణంలో నా ప్రాణమంతా పెట్టి నమ్మిన మాట.

బయట అత్త నా చెయ్యి పట్టుకుంది. "మీ యేసు ముందు వచ్చినాడు, సరే. అయినా కొండకి చెప్పిన మొక్కు చెప్పిందే కదా, గుండు కొట్టిస్తాం. తప్పనుకోబాక తల్లీ" అంది. కళ్ళనిండా నీళ్ళు.

సీనియర్ మేడం సెలవు ముగించుకుని వచ్చింది. మద్రాసు ఆసుపత్రికి ఈ బిడ్డ సంగతి రాసి పంపాల్సి ఉంది. "ఒకసారి నా ముందు చెయ్యి" అంది. మూలన కుర్చీ వేసుకుని, చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చుంది. నేను గుడ్డ అడ్డం పెట్టుకున్నాను. 'మ్.' పూస పడింది. 'ఆ.' పడింది. 'ఊ.' పడింది. ఆ తల్లి మేడం వైపు చూసి సిగ్గుగా నవ్వింది. మేడం నవ్వలేదు. బిడ్డ వైపు చూడటం లేదు. తల్లినే చూస్తోంది.

"ఆమెని ఇటు వచ్చి నా పక్కన కూర్చోమను" అంది తమిళంలో.

"వాడు కుర్చీలో ఉండడు మేడం."

"నేల మీద కూర్చోబెట్టు."

ఎలాగో కూర్చోబెట్టాం. పూసల గిన్నె చూసి ఏడుపు ఆపాడు. తల్లి వెళ్ళి వాడి వెనక, దూరంగా మేడం పక్కన కూర్చుంది. నేను 'మ్' అన్నాను. వాడు పూసను నోట్లో పెట్టుకున్నాడు. 'ఆ' అన్నాను. గట్టిగా అన్నాను. చివరికి అరిచాను. కింద మందుల షాపులోంచి ఎవరో "ఏమైంది?" అని అడగడం వినబడింది. బిడ్డ పూసను వెలుతురుకు పట్టుకుని అందులోంచి కిటికీని చూస్తున్నాడు.

ఇంత చాలనుకున్నాను. మేడం ఆపలేదు. బిడ్డను మళ్ళీ తల్లి ఒళ్లో కూర్చోబెట్టించి, నా చేతిలోని గుడ్డ తీసుకుని, వచ్చి నా కుర్చీలో కూర్చుంది. గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏ శబ్దమూ చేయలేదు. నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను, ఊపిరి చప్పుడు కూడా లేదు.

పూస గ్లాసులో పడింది.

వాడు చప్పట్ల కోసం తలెత్తి ఒకరి తర్వాత ఒకరి మొహం చూశాడు. ఎవరమూ కొట్టలేదు.

"నేనేమన్నా చేసినానా మేడం?" అని అడిగింది ఆ తల్లి.

మేడం మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి ఆమె ముందు నేల మీద కూర్చుంది. "తప్పేమీ చేయలేదు. ఆ అమ్మాయి మొహానికి గుడ్డ పెట్టుకోగానే నువ్వేం చేస్తావు? చెప్పు."

"ఏమీ చేయను. ప్రార్థన చేస్తా."

"ఎలా?"

"లోపలే. 'యేసయ్యా, ఇప్పుడు' అంటా."

అలా అనుకున్న ప్రతిసారీ ఆమె కడుపు బిగుసుకునేది. బిడ్డ నడుం చుట్టూ ఉన్న చేతులు ఒక వెంట్రుకవాసి బిగిసేవి. ఆ బిగువు తెలియగానే బిడ్డ పూస వేసేవాడు. వేస్తే అందరూ సంతోషిస్తున్నారని వాడికి తెలిసిపోయింది. తల్లి ఒడిలో పరీక్షించేటప్పుడు బిడ్డకంటే ముందు తల్లిని గమనించాలని మా మొదటి సంవత్సరం పాఠంలోనే ఉంటుంది. పరీక్షలో ఆ జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. కానీ గుడ్డ వెనక నేనూ అదే మాట అనుకుంటూ కళ్ళు మూసుకుని ఉన్నాను. ఒకే ప్రార్థన ఇద్దరం చేశాం. చూడాల్సిన పని మాత్రం ఎవరూ చేయలేదు.

"తెలివైన బిడ్డమ్మా" అంది మేడం. "చాలా తెలివైన బిడ్డ." ఆ రోజు ఆమె నన్ను ఎత్తిపొడుస్తుందని ఎదురుచూశాను. ఎత్తిపొడిచి ఉంటే బాగుండేది.

మెట్లు దిగుతూ ఆ తల్లి నన్ను అడిగింది: "నేను ప్రార్థన చేయకుండా ఉండుంటే మీకు ముందే తెలిసుండునా అక్కా?"

తెలిసేదని చెప్పాను. ఏ అబద్ధం చెప్పాలో తోచలేదు.

మద్రాసులో మళ్ళీ అన్ని పరీక్షలూ చేశారు. యంత్రం బాగానే పని చేస్తోంది, నరమే శబ్దాన్ని మోయడం లేదు అన్నారు. పెద్ద వయసు డాక్టరు ఒకాయన కాగితాలు మడిచి ఇస్తూ, ఇక సైగల బడి చూసుకోమ్మా, ఆలస్యం చేయకు అన్నాడట. ఆ మాట ఆమె ఫోనులో నాకు చెప్పింది. ఏడవలేదు. "వచ్చే ఆదివారం రాగలవా అక్కా? నేను చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకోవాల" అంది.

ఇంతకాలం సంఘాల మధ్య పెరిగినదాన్ని, అలాంటి మాట ఎప్పుడూ వినలేదు. రోగం తిరగబెట్టిన వాళ్ళను చూశాను, దొరికిన ఉద్యోగం పోయిన వాళ్ళను చూశాను. వాళ్ళు ఊరుకుంటారు. సంఘమూ ఊరుకుంటుంది. ఆ పాత సాక్ష్యం ఎవరి నోటా రాకుండా మెల్లగా మరుగున పడిపోతుంది. పాస్టరయ్యకూ అదే మేలనిపించింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆ ఆదివారం ఆరాధనకు ముందు షెడ్డు బయట ఆమెను పక్కకు పిలిచి బతిమాలాడు.

"వెనక్కి తీసుకునే పద్ధతి లేదమ్మా మనకి. ఆయన ఇంగా చేస్తాడు, నమ్ముదాము. నలుగురిలో ఇట్ల చెప్తే వాళ్ళ విశ్వాసం ఏం కావాల?"

"చేస్తే అప్పుడు మళ్ళా చెప్తా అయ్యా. ఇప్పుడు లేదు కదా. లేనిదాన్ని ఉండాదని చెప్పి కూర్చున్నా, అదీ ఆయన పేరు పెట్టి. నాకు నిద్ర రాలేదు."

"జనం నీ విశ్వాసమే తక్కువంటారు తల్లీ."

"అననీ అయ్యా. వెనక అంటానే ఉండారు."

ఆయన మైకు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, తను వెళ్ళి చివరి చాప మీద కూర్చున్నాడు.

భర్తకు ఆ వారం షిఫ్టు మారలేదు, రాలేకపోయాడు. అత్త వచ్చింది. ఈసారి చెప్పుల దగ్గర ఆగలేదు. లోపలికి వచ్చి, కోడలు నిలబడ్డ చోటికి వెనకగా, బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమెను లోపల చూడటం సంఘానికి అదే మొదలు.

"అందరికీ వందనాలు" అంది ఆ తల్లి. "పోయిన తూరి నా బిడ్డకి వినబడతా ఉండాదని చెప్పినా. వినబడలేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు, ఇంగ రాదంట. మీరు నా మాట నమ్మి స్తోత్రం చెప్పినారు. దానికి నన్ను మన్నించండి. నాకు దేవుని మింద కోపంగా ఉండాది. అది గూడా చెప్పల్ల కదా. అంతే."

అలవాటు కొద్దీ ఎవరో "స్తో..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. ఏ పాట అందుకోవాలో ఎవరికీ తెలియలేదు. పాస్టరయ్య కూర్చున్నచోటే "ప్రార్థన చేసుకుందాం" అన్నాడు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. అందుకే చూశాను.

కళ్ళు మూసుకుని ప్రార్థించే గది చెవిటి బిడ్డకు ఎలా ఉంటుందో అంతవరకూ నేనెప్పుడూ ఆలోచించలేదు. వాడికి మనుషులంటే మొహాలే. అవన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. వాడు నాయనమ్మ ఒళ్లోంచి దిగి, చాపల మధ్య నడుస్తూ, ఒక్కొక్కరి దగ్గర ఆగి, చిన్న వేళ్ళతో వాళ్ళ కనురెప్పలు ఎత్తి చూడటం మొదలుపెట్టాడు. ఒక ముసలాయన ఉలిక్కిపడి వాడి చెయ్యి తోసేశాడు. ఒకామె తల ఇంకా కిందికి వంచేసింది. చివరికి వాడు తన తల్లి దగ్గరికి వచ్చాడు. రెప్ప ఎత్తాడు.

ఆమె కళ్ళు తెరిచింది. వాడు చుట్టూ ఉన్నవాళ్ళను చూపిస్తూ, ఏమిటిది అన్నట్టు మొహం పెట్టాడు. ఆమె కొంగులోంచి చెయ్యి బయటికి తీసింది. నేను వద్దని చెప్పిన చెయ్యి. వేలు పైకెత్తి చూపించింది.

వాడు తలెత్తి చూశాడు. రేకులు, ఇనుప కమ్మీ, దానికి వేలాడే ఫ్యాను. మళ్ళీ తల్లిని చూశాడు. ఆమెకు చూపించడానికి అంతకన్నా ఏమీ లేదు. అయినా చెయ్యి దించలేదు. వాడు ఇంకోసారి పైకి చూశాడు.

ఆరాధన ముగిశాక ఆమె నా దగ్గరికి వచ్చింది. అప్పటికి నా కడుపు బయటికి తెలుస్తోంది. "అక్కా, చెయ్యి పెట్టేదా?" అని అడిగింది. నేను కాదనేలోపే అరచేయి నా కడుపు మీద పెట్టింది. "యేసయ్యా, ఈ బిడ్డకి చెవులు బాగుండాల. నాకు ఇయ్యకపోయినా ఈ అక్కకి ఇయ్యి" అంది. అంత చిన్న ప్రార్థన. కళ్ళు తెరిచే చేసింది, బిడ్డ చూస్తున్నాడని.

నా కొడుకు పుట్టాక సీనియర్ మేడం తనే మిషను పట్టుకుని వచ్చి పరీక్ష చేసింది. రెండు చెవులూ బాగున్నాయి. మా ఇంట్లో అందరూ స్తోత్రం చెప్పారు. నా నోటికి ఆ మాట రాలేదు. ఆమె చేసిన ప్రార్థనకు జవాబు రావడం నేను చూశాను. నాకు వచ్చింది. ఆమెకు రాలేదు. దీన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియదు. బిడ్డ మెలకువగా ఉన్నా, నిద్రపోతున్నా, చెంచాతో గిన్నె మీద కొట్టి చూస్తాను. వాడు ఉలిక్కిపడి ఏడుస్తాడు. మా ఆయన "వినబడతాదే తల్లీ వానికి, బాగా వినబడతాది. మాకే నిద్ర లేదు" అని విసుక్కుంటాడు. కాసేపు ఊరట. మళ్ళీ భయం. ఈ బిడ్డ కోసం ప్రార్థించాలని మోకరిస్తే, నాకంటే బాగా ప్రార్థించిన ఒక తల్లి గుర్తుకు వచ్చి లేచిపోతాను.

చెల్లెళ్ళారా, మీకు చెప్పగలిగింది కొంచెమే. తల్లి ఒడిలో పరీక్ష చేస్తే తల్లి పొట్టను చూడండి, చేతులను చూడండి. మీరు నమ్మేవాళ్ళయితే, ఆ గదిలో మాత్రం కళ్ళు తెరిచి ఉంచండి. సన్నటి నరమని కాగితంలో ఉంటే, చేతులు వాడొద్దని ఏ తల్లికీ చెప్పకండి. ఇక, దేవుడు ఆలస్యంగానైనా తప్పకుండా ఇస్తాడని మెట్ల మీద నిలబడి ఓదార్చేదాన్ని ఒకప్పుడు. ఇప్పుడు ఆ మాట అనలేను. ఆయన లేడనీ అనలేను. ఎందుకంటే ఆమె ఇంకా ఆ షెడ్డుకు వెళుతూనే ఉంది. ఎందుకు పోతున్నావని ఒకసారి ఫోనులో అడిగేశాను. కోపంగానే అడిగాను.

"ఇంగ యాడికి పొయ్యేది అక్కా?" అంది. సమాధానం చెబుతున్నట్టు కాదు. నిజంగానే నన్ను అడుగుతున్నట్టు.

బిడ్డను సైగల బడిలో వేసింది. తనూ వెళ్ళి వాడి పక్కన కూర్చుని నేర్చుకుంటోంది. వేళ్ళు తిరగడం లేదని, అత్తే ముందు నేర్చేసుకుందని చెప్పింది. వాడికి మాట వస్తుందని మాత్రం ఇప్పుడు ఎవరూ అనడం లేదు.

నా కొడుకు వింటాడన్న సంగతి నేను ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు. పుట్టాడని చెప్పాను, బరువు చెప్పాను, ఫోటో పంపాను. అది మాత్రం చెప్పలేదు.

మొన్న మధ్యాహ్నం బిడ్డకు పాలిస్తుంటే ఆమె నుంచి వాయిస్ మెసేజి వచ్చింది. ఒంటి చేత్తో నొక్కి వినిపించుకున్నాను. "అక్కా, చిన్నోనికి బాగా వినబడతా ఉండాదా? నువ్వు చెప్పనే లేదే. ఈ పొద్దు గూడా వాన్ని ప్రార్థనలో పెట్టినా." ఆమె మాటల వెనక ఆమె కొడుకు ఏదో కావాలని అరుస్తున్నాడు. అది మాట కాదు. ఎత్తూ పల్లమూ లేని గొంతు, పొడుగ్గా, గట్టిగా.

నా బిడ్డ పాలు తాగడం ఆపి, ఆ గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు.